సీటు వచ్చింది, తర్వాత?

ఊళ్లో పదో తరగతి పాసైన పిల్లాడు ఇంజనీరింగ్ పట్టా దాకా ఎందుకు చేరడు? 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ ప్రశ్నకి రెండు జవాబులు రాసుకుంది. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంట్. రెండోది బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ఆర్‌జీయూకేటీ. దీన్ని జనం ట్రిపుల్ ఐటీ అంటారు. గచ్చిబౌలిలో ఉన్నదానికీ దీనికీ సంబంధం లేదు, అయినా ఆ పేరే స్థిరపడిపోయింది. రెంటికీ ముఖ్యమంత్రి ఒకరే, వైఎస్ రాజశేఖరరెడ్డి. కానీ ఆ జవాబులు రెండూ ఒకే ప్రశ్నవి కావని నాకనిపిస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క తేలిక. పిల్లాడు కాలేజీలో చేరితే ఫీజు ప్రభుత్వం కడుతుంది. ఎస్సీ, ఎస్టీలకి స్కాలర్‌షిప్పులు అంతకుముందే ఉన్నాయి. ఇప్పుడది బీసీలకీ, అగ్రవర్ణ పేదలకీ విస్తరించింది. సీట్లకి గిరాకీ పెరిగింది, ఊరిబయట పొలాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి, కొన్నేళ్లలోనే వాటి సంఖ్య ఏడు వందల దగ్గరికి పోయింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. ఇంట్లో మొదటి ఇంజనీరు అయిన వాళ్లలో ఎంతోమంది ఈ పథకం మీదే చదివారు. కానీ పథకం చూసుకున్నది గుమ్మం దాటే రోజు సంగతి. లోపలికెళ్లాక మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ పేపర్, ఇంగ్లిష్‌లో నడిచే క్లాసు, రూమ్ అద్దె, మిగిలిపోయిన బ్యాక్‌లాగులు, క్రెడిట్లు చాలక డిటెయిన్ అయ్యి ఇంటికెళ్లిపోయిన ఏడాది, వీటన్నిటికీ రీయింబర్స్‌మెంట్ ఉండదు.

రెండో జవాబు అసలు ఆ గుమ్మాలనే లెక్కపెట్టింది. పల్లె పిల్లలు జారిపోయే చోట్లు రెండు. టెన్త్ అయ్యాక ఊరు వదలాల్సి రావడం మొదటిది. ఆడపిల్లలైతే చాలా ఇళ్లలో చదువు అక్కడే ఆగుతుంది, బస్సు లేదనో, పంపలేమనో. ఇంటర్ అయ్యాక ఎంసెట్ రెండోది. అది కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టగలిగిన వాళ్ల ఆట. ఆర్‌జీయూకేటీ టెన్త్ మార్కులతోనే పిల్లల్ని తీసుకుని, హాస్టల్లో పెట్టి, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు ఒకేచోట చదివించాలనుకుంది. మధ్యలో ఎంసెట్ లేదు. రెండు గుమ్మాల్లో ఒకటి అసలే లేకుండా పోయింది.

ఇది ఉన్నట్టుండి పుట్టిన ఆలోచన కాదు. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. తర్వాత నాగార్జునసాగర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలు వచ్చాయి. పిల్లాణ్ణి ఊరినుంచి తెచ్చి, అన్నం పెట్టి, చదువయ్యేదాకా పట్టుకోవడం వాటి పద్ధతి. అయితే అవి చిన్నవి, ఏరి తీసుకునేవి. 2008 నాటి కొత్తదనమల్లా ఏటా వేల మందితో అదే పని చెయ్యాలనుకోవడం. ఛాన్సలర్‌గా వచ్చిన రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మనిషి, 1994 ట్యూరింగ్ అవార్డు గ్రహీత. అంతమందికి మంచి అధ్యాపకులు దొరకరు కాబట్టి పిల్లాడికో లాప్‌టాప్, వీడియో పాఠాలు, పక్కన మెంటర్లు అన్నది ప్రణాళిక. తెర మీద పాఠం అర్థంకాని తెలుగు మీడియం పిల్లాడు చెయ్యెత్తి ఎవర్ని అడగాలి అన్న సందేహం అప్పుడే రావాల్సింది.

టెన్త్‌లో గ్రేడ్లు వచ్చాక ఇక్కడ ఇంకో ఏర్పాటు కనిపించింది. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన వాళ్ల జీపీఏకి 0.4 కలిపేవారు. పదికి 9.3 తెచ్చుకున్న జిల్లా పరిషత్ స్కూలు అమ్మాయి 9.7 అయ్యేది. కార్పొరేట్ స్కూళ్లు పదికి పది పంటలా పండిస్తున్న రోజుల్లో ఈ చిన్న అంకె ఎన్ని ఇళ్ల చరిత్ర మార్చిందో! అసమానతని దశాంశ స్థానంలో ఒప్పుకున్న ప్రభుత్వ పత్రాలు మనకి ఎక్కువ లేవు.

మరి ప్రభుత్వాలు ఏం కొలుస్తాయి? ఉన్నత విద్య గురించి ఎక్కువగా వినిపించే అంకె జీఈఆర్: 18-23 ఏళ్ల జనాభాతో పోలిస్తే కాలేజీల్లో నమోదైన వాళ్లు ఎంతమంది అని. 2021-22లో దేశం మొత్తానికి అది 28.4. ఈ అంకెలో చేరినవాళ్లు కనపడతారు. రెండో ఏడాది మానేసిన కుర్రాడు పక్క ఏడాది లెక్కలో ఉండడు, అంతే. అతని చోట కొత్తగా చేరినవాడు ఉంటాడు, అంకె కదలదు. అడ్మిషన్ల సంఖ్య పెరిగితే ప్రెస్‌మీట్ పెట్టొచ్చు. ఆరేళ్లపాటు మెస్‌లో పప్పు బాగుండటం మీద ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టరు.

2014లో రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకి వచ్చింది. అక్షరాభ్యాసానికి పిల్లల్ని తీసుకెళ్లే ఊరు అది. 2022 జూన్‌లో అక్కడ వేలమంది విద్యార్థులు దాదాపు వారం రోజులు క్యాంపస్‌లో బైఠాయించారు, ఎండలో, వానలో. లాప్‌టాప్‌లు, యూనిఫాంలు, మెస్, చాలినంత మంది అధ్యాపకులు, రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ - మొత్తం పన్నెండు డిమాండ్లు. వాటిలో ఎక్కువ భాగం కొత్త కోరికలు కావు, 2008లో ఇస్తామన్నవే. విద్యామంత్రి సబితా ఇంద్రారెడ్డి ఓ రాత్రి వచ్చి మాట్లాడాక విరమించి క్లాసులకి వెళ్లారు. కొన్నాళ్లకి కొత్త వీసీ వచ్చారు. ఆయనా ఇన్‌ఛార్జే.