ముక్కల పటము

భారతదేశపు ముక్కల పటం పిల్లల ఆటవస్తువులలో చాలా వాడుకైనది. దేశపటాన్ని చెక్కమీదనో దళసరి అట్టమీదనో అంటించి, రాష్ట్రాల సరిహద్దుల వెంట కోసి, ఆ ముక్కలను పెట్టెలో పోసి అమ్ముతారు. పిల్లవాడు వాటిని నేలమీద పరచుకొని దేశాన్ని తిరిగి కూర్చవలె. బిలాస్‌పూరు రైల్వే కాలనీలో, ఏనాడో ఉత్తరాంధ్రనుండి వచ్చి నిలిచిపోయిన కుటుంబంలో పుట్టిన పిల్లవానికి ఈ పెట్టె ఇస్తే వాడు ముందుగా రెండు ముక్కలకోసం వెదకుతాడు. ఒకటి తాను బడికి పోయే ఛత్తీస్‌గఢ్. మరొకటి తన ఇంటిభాషకు పుట్టిల్లయిన ఆంధ్రప్రదేశ్. రెండూ దొరుకుతవి. ప్రక్కప్రక్కన చేర్చబోతే మాత్రం దక్షిణపు కొసన, కొంటా ప్రాంతంలో, చిన్న అంచు ఒక్కటే తగులుతుంది. ఆ అంచైనా 2014లో తెలంగాణ విడివడి, ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలియడంచేత మిగిలినదే. తాతగారి శ్రీకాకుళానికీ తమ బిలాస్‌పూరుకూ నడుమ ఒడిశా ముక్క అడ్డంగా కూర్చుంటుంది. పెద్దవారు "ఊరికి పోయి వస్తాము" అని ఒక రాత్రి ప్రయాణంగా చెప్పుకొనే దూరం పటంలో మూడు రంగులైనది.

పిల్లవాని చేతిలో దోషం లేదు, పటంలోనూ లేదు. ఒకే బొమ్మను రెండు రంపాలతో రెండు విధాలుగా కోసినారు. రాష్ట్రాల కోత ఒకటి, రైలుమార్గాల కోత మరొకటి. బిలాస్‌పూరు తెలుగువారి చరిత్ర ఆ రెండవ కోతను అనుసరించి నడచినది. దానిని చెప్పుకొనుటకు ముందు, ఈ ఆటవస్తువు కథ కొంత తెలిసికొనవలె.

1760లలో లండనులో జాన్ స్పిల్స్‌బరీ అనే యువకుడు రాగిరేకులమీద పటాలు చెక్కి అచ్చువేసే వృత్తిలో ఉండేవాడు. రాజుగారి భూగోళకారుడైన టామస్ జెఫరీస్ వద్ద పని నేర్చినవాడు. అతడు అచ్చయిన పటాన్ని పలుచని మహాగని చెక్కకు అంటించి, రాజ్యాల ఎల్లలవెంట సన్నని రంపంతో కోసి, భూగోళపాఠం నేర్చే పిల్లలకు అమ్మినాడు. ప్రపంచం, నాలుగు ఖండాలు, ఇంగ్లండు–వేల్సు, స్కాట్లండు, ఐర్లండు, ఈ ఎనిమిదీ అతని సరకు. సముద్రభాగం లేకుండా నేలను మాత్రమే కోసి ఇచ్చే చవక రకం కూడా ఉండేది. సముద్రాన్ని కూర్చే శ్రమ ధనవంతుల పిల్లలకే ప్రాప్తించినదన్నమాట! ఇతనికంటె ముందే లండనులో బోమాన్ అనే ఫ్రెంచి ఉపాధ్యాయిని చెక్కపటాలతో పాఠాలు చెప్పినదని తరువాతి పరిశోధకులు చూపినారు. మూడవ జార్జి బిడ్డలను పెంచిన షార్లెట్ ఫించ్ దొరసాని ఇటువంటి పటాలను దాచిన చెక్కబీరువా నేటికీ నిలిచి ఉన్నది. స్పిల్స్‌బరీ 1769లో, ముప్పదియేళ్ల ప్రాయంలోనే, మరణించినాడు.

ఆనాటి పటాలలో ముక్కలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనేవి కావు. పక్కకు చేర్చి పెట్టడమే. బల్లకు మోచేయి తగిలితే రాజ్యాలన్నీ చెదరిపోయేవి. బల్ల కదలకున్నా చెదరిన రాజ్యం ఒకటున్నది. స్పిల్స్‌బరీ ఐరోపాలో పోలండు పెద్ద ముక్క. అతడు పోయిన మూడేళ్లకు, 1772లో, ఇరుగుపొరుగు ప్రభువులు దానిని మొదటిసారి పంచుకొన్నారు. 1793లో మరల, 1795లో మరల పంచుకొనగా పటంలో పోలండు అనేది లేకుండా పోయినది. ఆ చెక్కపటం ఎవరి ఇంటనైనా చెక్కుచెదరక ఉండి ఉంటే, పిల్లలు అప్పటికీ పోలండును దాని చోట భక్తితో అమర్చుతూనే ఉండి ఉంటారు. జేన్ ఆస్టిన్ 1814నాటి 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నవలలో, కలవారింటికి వచ్చిచేరిన పేదపిల్ల ఫానీకి ఐరోపా పటం కూర్చడం రాదని ఆ ఇంటి ఆడపిల్లలు ఎగతాళి చేస్తారు. పటాన్ని కూర్చగలగడం ఆనాటికే పెంపకానికి గుర్తయినది. ఏ ముక్క ఎక్కడిదో తెలియనిది ఆ ఇంటి పిల్ల కాదు.

తరువాతి శతాబ్దంలో ఈ ఆట పటాలను దాటి చిత్రాలకు వచ్చినది. కాలితో త్రొక్కి నడిపే జిగ్సా రంపం పేరే ఆటకు నిలిచిపోయినది. అమెరికాలో 1908–09 ప్రాంతంలో పెద్దలకు ఈ వ్యసనం పట్టినది. పార్కర్ బ్రదర్స్ అనే సంస్థ 1909లో తక్కిన ఆటలను ప్రక్కనపెట్టి ఈ చెక్కబొమ్మలనే తయారుచేసినది. పెట్టెమీద బొమ్మ ఉండేది కాదు. లోపల ఏమున్నదో కూర్చినవారికే తెలియవలె. పైగా కోసేవారు రంగుల అంచువెంటనే రంపం నడిపేవారు. ఎరుపు ముక్క ప్రక్కన ఎరుపు ఉంటుందని నమ్మి వెదకేవాడు రాత్రంతా వెదకవలసిందే.

ఆ సంస్థవారు మరొక చమత్కారం చేసినారు. ముక్కలలో కొన్నిటిని పక్షి, తాళపుచెవి, కుక్క మొదలైన ఆకారాలతో కోసినారు. ఈ ఆటలోని ఆనందమంతా ఇక్కడనే ఉన్నది. కొంగ ఆకారంలో ఒక ముక్క చేతికి వస్తుంది. ఇది చెరువు దగ్గరిదై ఉండునని మనస్సు చెబుతుంది. నిజానికి అది ముసలమ్మ కోకలో ఒక మడత. కుక్క ఆకారంలోనిది ఆకాశంలో ఒక మబ్బుతునక. ఆకారం ఒక కథ చెబితే రంగు మరొక కథ చెబుతుంది. కూర్చేవాడు మొదట ఆకారానికి మోసపోయి, పిదప రంగును నమ్మి, చివరకు రెంటినీ విడిచి వ్రేళ్లను నమ్ముతాడు. ముక్క తన గూటిలో పడేటప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడుకోసమే పెద్ద పెద్ద ఉద్యోగస్థులు అన్నం చల్లారనిచ్చి కూర్చున్నారు. ఆర్థికమాంద్యంలో అట్టమీద అచ్చుయంత్రంతో కోసిన చవక బొమ్మలు రాగా, 1933 ఆరంభంలో అమెరికాలో వారానికి దాదాపు కోటి పెట్టెలు అమ్ముడైనవి. కొనలేనివారు అద్దెకు తెచ్చుకొన్నారు. పని లేని చేతులకు పూర్తిచేయగల పని ఒకటి దొరికినది.

రైలు కంపెనీలుకూడ ఈ ఆట విలువ గ్రహించినవి. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1924 నుండి 1939 వరకు చాడ్ వ్యాలీ అనే ఆటవస్తువుల సంస్థచేత తన ఇంజనులు, తన దారిలోని కోటలు, రేవులు బొమ్మలుగా కోయించి అమ్మినది. మొదటిది 'కేర్ఫిలీ కాసిల్' అనే ఇంజను. మొత్తంమీద పది లక్షల పెట్టెల దాకా అమ్మినదంటారు. ఆ కంపెనీ తన దారినే దేశపటంగా పిల్లల చేతికిచ్చినది.

మనదేశంలో రైలు కంపెనీలు బొమ్మలు కోయించి అమ్మకపోయినా, దేశాన్ని తమకు కావలసినట్లు కోసుకొన్నవి. బిలాస్‌పూరు అటువంటి కోతలో పుట్టిన పట్టణం. అర్పానది ఒడ్డున పాత ఊరు ఎప్పటినుండో ఉన్నది. దానికి బిలాసా అనే కేవట స్త్రీ పేరు వచ్చినదని స్థానికులు చెప్పుకొంటారు. ఆ ఊరికి ప్రక్కన లేచినది రైల్వే పట్టణం. 1880ల మొదట్లో నాగపూరునుండి రాజనందగావ్‌దాకా మీటరుగేజి దారి వేసినారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ దారిని తీసికొని, పట్టాలు బ్రాడ్‌గేజికి మార్చి, 1891 నాటికి బిలాస్‌పూరుమీదుగా ఆసన్‌సోల్ వరకు కలిపినది. కట్నీ వైపు శాఖ కూడా అప్పుడే కలిసినది. రెండు గేజిల పట్టాలు ఎదురెదురుగా నిలిస్తే బండి ముందుకు పోదు. ముక్క అంచు సరిపోయేలా తిరిగి కోయవలసినదే.

తెలుగువారికి సంబంధించిన కోత 1902లో జరిగినది. తూర్పుకోస్తా రైలుమార్గంలో కటకానికీ వాల్తేరుకూ నడుమగల ఉత్తరభాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు దక్కినది. వాల్తేరుకు దక్షిణాన ఉన్నది మద్రాసు రైల్వేకు పోయినది. అంటే విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెలకు దగ్గరి రైలు ఉద్యోగం కలకత్తా కంపెనీ చేతిలో పడినది. భాష మద్రాసు వైపు, బ్రతుకుతెరువు ఖరగ్‌పూరు వైపు! వానలు తప్పిన ఏళ్లలో పొలం వదలినవాడు, పదిపన్నెండు తరగతులు చదివి గుమాస్తా పని వెదకినవాడు, ఇద్దరూ అదే బండి ఎక్కినారు. గ్యాంగు కూలీ, ఫైర్‌మన్, గార్డు, గుమాస్తా ఇట్లా ఖరగ్‌పూరుకూ బిలాస్‌పూరుకూ చేరినారు. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తికాగా దారి మరింత దగ్గరయినది. విశాఖ రేవుకు మధ్యపరగణాల సరకు దించడానికి వేసిన దారి అది. రేవు 1933లో తెరచినారు. సరకు దిగినది సరే, ఆ దారివెంట మనుషులు ఎక్కినారు.

ఆ దారి వేసిననాటికి అది మద్రాసు రాజధానిలోని పార్వతీపురం, రాయగడ దాటి, కలహండి, పట్నా సంస్థానాలగుండా పోయి, మధ్యపరగణాలలోని ఖరియార్ జమీందారీ మీదుగా రాయపూరు చేరేది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం కాగా రాయగడ మద్రాసునుండి, ఖరియార్ మధ్యపరగణాలనుండి అటు పోయినవి. 1948లో సంస్థానాలు రెండూ ఒరిస్సాలో కలిసినవి. పట్టాలు అంగుళం కదలలేదు. వాటి క్రింది ముక్కలన్నీ మారినవి.

బిలాస్‌పూరు చుట్టూ కోతలు ఇంకా ఎక్కువ. 1948 జనవరి 1న ఛత్తీస్‌గఢ్ సంస్థానాలు మధ్యపరగణాలలో కలిసినవి. వానిలో సక్తి అనేది 138 చదరపు మైళ్లది. చెక్కముక్కగా కోస్తే చింతగింజంత ఉంటుంది, చాపక్రింద పోయినా ఎవరూ గమనించరు. బిలాస్‌పూరునుండి రాయగఢ్ పోయే బండిలో అది ఒక స్టేషనుగా మిగిలినది. 2022లో అదే సక్తి ఒక జిల్లాగా తిరిగి పటమెక్కినది. 1950లో మధ్యపరగణాలకు మధ్యప్రదేశ్ అని పేరు వచ్చినది. 1956లో దాని రాజధాని నాగపూరునుండి భోపాలుకు పోయినది. ఆ సంవత్సరమే నవంబరు 1న దేశం 14 రాష్ట్రాలుగా, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా కోతపడి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ విడివడి, బిలాస్‌పూరు దాని హైకోర్టు పట్టణమైనది. ఈ మధ్య ఒక వేడుకకూడ ఉన్నది. 1954 జూలై దాకా దేశపటంలో బిలాస్‌పూర్ పేరుతో ఒక చిన్న రాష్ట్రమే ఉండేది. అది హిమాలయపు ఒడిలోని పూర్వసంస్థానం. ఆనాటి పటంలో తన ఊరి పేరు చూచి సంతోషించిన రైల్వే కాలనీ పిల్లవాడు ముక్కను అమర్చబోతే అది సట్లెజ్ ఒడ్డుకు పోయి కూర్చునేది.

ఏ పెట్టెలోనైనా ఒక ముక్క పోవడం కద్దు. బిలాస్‌పూరు స్టేషనులో పోయిన ముక్కను రవీంద్రనాథ ఠాకూర్ రాసిపెట్టినాడు. 1918నాటి 'పలాతకా' సంపుటిలోని 'ఫాంకి' అనే కవితలో, జబ్బుతో ఉన్న బినూ భర్తతో బిలాస్‌పూరులో బండి మారడానికి ఆరు గంటలు ఆగుతుంది. అక్కడ రుక్మిణి అనే రైల్వే కూలీ భార్య పరిచయమవుతుంది. కరువుకూ జమీందారు బాధకూ తాళలేక పొలం విడిచి వచ్చినవారు ఆ దంపతులు. కూతురి పెండ్లికి ఇరవైయైదు రూపాయలు ఇప్పించమని బినూ భర్తను కోరుతుంది. అతడు రెండు రూపాయలు చేతిలో పెట్టి, పూర్తిగా ఇచ్చినట్లు భార్యకు నమ్మబలుకుతాడు. బినూ మరణిస్తుంది. అప్పు తీర్చుకోవడానికి అతడు బిలాస్‌పూరుకు తిరిగి వస్తే రుక్మిణి ఉండదు. ఎక్కడికి పోయిందో అంటే ఒక్కొక్కరు ఒక్కొక్క దూరదేశం చెబుతారు. రుక్మిణి తెలుగుది కాకపోవచ్చు. కాని ఆమె కథలోని కరువు, విడిచిన పొలం, స్టేషను ప్రక్కన కూలీల వరుస ఇళ్లు, ఇవి ఆ కాలనీలో తెలుగు ఇంట అడిగినా వినబడేవే. రైల్వే రిజిస్టరులో పేరు, హోదా, జీతం ఉంటవి. వదలివచ్చిన ఊరు ఇంటివారి మాటలలో మాత్రమే ఉంటుంది, రెండు తరాలకు అదీ పలుచనవుతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వేను 1944లో ప్రభుత్వం తీసికొన్నది. 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసి, 1955లో సౌత్ ఈస్టర్న్‌గా విడివడినది. ఈ మార్పులన్నిటిలోను వాల్తేరు, బిలాస్‌పూరు ఒకే ముక్కలో ఉండినవి. 2003 ఏప్రిలులో ఆ ముక్కనే కోసినారు. బిలాస్‌పూరు ప్రజలు ఏళ్లతరబడి ఆందోళన చేసి సాధించుకొన్న సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే వారి ఊరే కేంద్రంగా వచ్చినది. వాల్తేరు డివిజను భువనేశ్వరం కేంద్రమైన ఈస్ట్ కోస్ట్ రైల్వేకు పోయినది. ఊరంతా పండుగ చేసికొన్న ఆ కోత తెలుగు ఉద్యోగి ఇంటిలో మరొక లెక్కకూడ తెచ్చినది. నూటొక్క ఏండ్లు ఒకే రైల్వే లోపల జరిగిన బదిలీ జోను మార్పు అయినది. స్వంత కోరికపై జోను మారే ఉద్యోగి సామాన్యంగా తన సీనియారిటీ వదలుకొని, అక్కడి వరుసలో చివర నిలబడవలె. ముసలి తల్లిదండ్రులకోసం విశాఖ వైపు పోదామనుకొన్నవాడు ఇరవైయేళ్ల సర్వీసును ఆ కోరికతో తూచుకోవలసి వచ్చినది. 2019లో విశాఖపట్నం కేంద్రంగా మరొక జోనును, వాల్తేరునుండి విడదీసి రాయగడ డివిజనును ప్రకటించినారు. అక్కడ కూడా ఇదే లెక్క.

కోర్బానుండి విశాఖపట్నం పోయే బండి సాయంకాలం బిలాస్‌పూరు వస్తుంది. రైల్వే కాలనీ కుటుంబాలు పెండ్లిళ్లకూ తద్దినాలకూ వేసవి సెలవులకూ దానిలోనే ఎక్కుతారు. రాయపూరు దాటేసరికి చీకటి పడుతుంది. నిద్రలో ఒడిశా ముక్క అంతా గడచిపోతుంది. రాయగడ దాటినపిదప మెలకువ వచ్చిన పిల్లవాడు కిటికీకి ముఖం ఆనించి, పార్వతీపురం బోర్డుమీది తెలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కొంటాడు. బిలాస్‌పూరు బడిలో వానికి ఆ అక్షరాలు ఎవరూ నేర్పలేదు.