గుమ్మం మీది పేరు

"అమెచ్యూర్" అన్న మాటకు మూలం లాటిన్‌లో ప్రేమించడమన్న అర్థం గల ధాతువు. మనవారు దానికి "ఔత్సాహికుడు" అన్న మాటను స్థిరపరచారు. ఉత్సాహం ఆ మాటలోనే ఉంది. అయినా వాడుకలో రెండింటికీ ఏదో తక్కువతనం అంటుకుంది. కనుక ఔత్సాహికులనూ వృత్తినిపుణులనూ ఒకే చాప మీద కూర్చోబెట్టదలచిన సంఘానికి నామకరణం చేయడం అంత సులువు కాదు. ఖగోళశాస్త్ర చరిత్రలో ఇందుకు చక్కని ఉదాహరణలున్నాయి.

1889 జనవరి 1న ఉత్తర కాలిఫోర్నియాలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. లిక్ వేధశాల శాస్త్రజ్ఞులతో పాటు, చార్లెస్ బర్క్‌హాల్టర్ నాయకత్వాన "పసిఫిక్ కోస్ట్ అమెచ్యూర్ ఫొటోగ్రాఫిక్ అసోసియేషన్" సభ్యులు కూడా దానిని చిత్రించారు. ఆ స్నేహం గ్రహణంతో ముగిసిపోరాదనుకున్నారు. ఫిబ్రవరి 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరువర్గాలూ కలిసి ఒక సంఘాన్ని స్థాపించాయి. లిక్ సంచాలకుడు ఎడ్వర్డ్ హోల్డెన్ తొలి అధ్యక్షుడు. దాని పేరు "ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ద పసిఫిక్". ఛాయాగ్రాహకుల సంఘం పేరులో ఉన్న "అమెచ్యూర్" కొత్త పేరులోకి రాలేదు. "ప్రొఫెషనల్" కూడా రాలేదు. మిగిలినవి శాస్త్రమూ, సముద్రమూ మాత్రమే.

1911లో విలియం టైలర్ ఆల్కాట్ అనే న్యాయవాది, హార్వర్డ్ వేధశాల సంచాలకుడు పికరింగ్ ప్రోత్సాహంతో స్థాపించిన సంఘం మరొక మెట్టు ఎక్కింది. దాని పేరుకు అర్థం "అమెరికా చరకాంతి తారల పరిశీలకుల సంఘం". చరకాంతి తార వెలుగు హెచ్చుతగ్గులను ఏళ్ళ తరబడి గమనించాలి. అన్ని తారలనూ ప్రతి రాత్రీ చూడడం ఏ ఒక్క వేధశాలకూ సాధ్యం కాదు. కావలసినది కళ్ళు. అందుకే "పరిశీలకులు" అన్నారు. ఆ మాట మనిషి హోదాను అడగదు, చేసే పనిని చెబుతుంది.

1980లో డగ్లస్ హాల్, రస్సెల్ జెనెట్ స్థాపించిన కాంతిమాపన సంఘం ఇందుకు భిన్నంగా "అమెచ్యూర్-ప్రొఫెషనల్" అని రెండు మాటలనూ పేరులోనే చేర్చుకుంది. అదీ ఆహ్వానమే. కాని గుమ్మంలో అడుగు పెట్టేవాడు "నేను ఏ వైపు?" అని ఒక్క క్షణం ఆలోచించక తప్పదు.

అయితే పేరు ఒక్కటే చాలదు. 1820లో పుట్టిన లండన్ ఖగోళ సంఘం, తరువాతి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ, పేరులో ఎవరినీ వేరు చేయలేదు. మామగారు గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో నెలకొల్పిన సొంత వేధశాల నుంచి 1874లో శుక్రసంక్రమణాన్ని పరిశీలించిన అంకితం వెంకట నరసింగరావును ఆ సంఘం ఫెలోగా స్వీకరించింది. అదే సంఘం 1828లో కెరొలైన్ హెర్షెల్‌కు బంగారు పతకం ఇచ్చినా, స్త్రీలను ఫెలోలుగా చేర్చుకోవడానికి 1916 దాకా పట్టింది. ఈలోగా 1890లో వెలసిన బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ మొదటినుంచే స్త్రీలను చేర్చుకుంది.

గుమ్మం మీది పేరు పిలుస్తుంది, లోపలి నియమం కూర్చోబెడుతుంది. రెండూ ఒకే మాట చెప్పాలి. నామకరణం మన వంతుకు వచ్చిన నాడు, వచ్చేవారు ఎవరన్నది విడిచి, వచ్చి చేసే పనికే పేరు పెడదాం. ఏమంటారు?