పేరులోని పెంపకము

1782లో విశాఖపట్టణము చేరిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అచటి జాలరులు తెచ్చిన చేపలను పరిశీలించి, రెండు వందల మత్స్యముల వర్ణనలను, చిత్రములను 1803లో లండనులో ప్రకటించెను. ‘టెంకి’ మొదలైన స్థానిక నామములనే ఆయన ఆ చేపలకు వాడినాడు.

అవి ప్రధానముగా సముద్రపు చేపలు. రోలుగుంట ప్రాంతపు శ్రోతలకు పరిచితములైనవి చెరువులలో, వరిమడి కాలువలలో గుంపులు గట్టి తిరుగు చిరుచేపలు. అట్టివానిలో పెక్కింటికి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో, గంగానదీ మత్స్యములను గూర్చిన తన గ్రంథమున పేర్లిడెను. నీలిచారల డానియో అందొకటి. వరిపొలమునకు సంబంధించినదను అర్థముగల ‘ధాని’ అను వంగపదమునుండి ఆ పేరు పుట్టినదందురు. నేడు ఆ చేపను దేశదేశముల ఇండ్లలో, ప్రయోగశాలలలో పెంచుచున్నారు.

ఆ పేరే పెంపకమును నేర్పును. పొలపు నీటిలో గుంపుతో మెలగిన జీవిని గాజుబుడ్డిలో ఒంటరిగా నుంచినచో అది బెదరి మూల నొదుగును. కనీసము ఆరింటిని పొడవైన తొట్టిలో, గంతివేయకుండ మూతతో నుంచవలెను. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని ఆ విషము తొలగించిన పిదపనే పోయవలెను. వారమున కొకమారు కొంత నీటిని మాత్రమే మార్చవలెను.

మన కాలువలలోని చిరుచేపల పేర్లు మన పెద్దల నోట నున్నవి. అవి మరుగుపడినచో, ఆ చేపల నడవడిని గూర్చిన యెరుకయు మరుగుపడును. తొట్టి నింపుటకు ముందు ఆ పేర్ల నడిగి వ్రాసికొందము.