బస్సు దిగినచోటే ఇల్లు

పోయిన నెల మిర్యాలగూడ నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చిందట. "అన్నా, ఇల్లు ఏడ తీసుకోవాలె? నాన్నేమో ఎల్బీ నగర్‌ల తీసుకో, చవకగ దొరుకుతది అంటుండు. నాతోని జాయినయ్యేటోళ్ళేమో నీకేమన్న పిచ్చా అంటున్నరు" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇరవయ్యేళ్ళ కింద నేను కోదాడ నుంచి వచ్చేటప్పుడు మా నాన్న కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. బుద్ధిగా దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. ఆఫీసేమో మాదాపూర్‌లో!

నేనొక్కణ్ణే కాదు లెండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి. హైదరాబాదులో మీ చుట్టాలెక్కడుంటారు అంటే వనస్థలిపురం, హయత్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి... ఈ నాలుగైదు పేర్లలోనే తిరుగుతారు. వీళ్ళలో ఎవరూ మ్యాపు ముందు పెట్టుకుని, నాలుగు ఏరియాల అద్దెలు పోల్చి చూసి దిగినవాళ్ళు కాదు. మరి అందరూ ఒకే మూలకి ఎలా చేరారు? దీని వెనక ఓ పాత కథే ఉంది.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీదే ఉన్నాయి. ఇప్పుడు దాన్ని 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు గానీ మా నోటికి ఇంకా 9వ నంబరే వస్తుంది. మిర్యాలగూడ ఆ రోడ్డు మీద లేదు. అయినా అక్కడి బస్సు నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి వచ్చి ఇదే రోడ్డెక్కుతుంది. లేదా సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం మీదుగా వస్తుంది. ఎలా వచ్చినా తేలేది ఎల్బీ నగర్ దగ్గరే. అంటే మూడు ఊళ్ళకీ హైదరాబాద్ గుమ్మం ఒకటే.

ఈ గుమ్మం నిన్నా మొన్నటిది కాదు. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం రేవుకి సరుకు పోయే దారి దాదాపు ఈ దిక్కుగానే ఉండేది. హయత్‌నగర్‌కి ఆ పేరు హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. ఈవిడ మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. 17వ శతాబ్దంలో అక్కడ కట్టిన మసీదు చుట్టూ బాటసారుల కోసం వరసగా గదులున్న సరాయి ఉంది. తూర్పు నుంచి నడిచొచ్చినవాడు నగరంలోకి పోయేముందు మూట దించుకునేది అక్కడే. మా వైపు వాళ్ళకి హైదరాబాదులో మొదటి "రూము" హయత్‌నగర్‌లోనే దొరికిందన్నమాట. మూడున్నర శతాబ్దాల తర్వాత మా నాన్న చెప్పింది కూడా అదే కదా అని నవ్వొస్తుంది.

తర్వాత బస్సులొచ్చాయి. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. గౌలిగూడలో పెద్ద ఇనుప హ్యాంగర్ కింద ఉండే పాత బస్టాండ్ పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది (ఆ హ్యాంగర్ 2018 జులైలో కూలిపోయింది). 1994లో బస్టాండ్ ఇమ్లీబన్‌కి మారింది. బస్టాండ్ మారినా బస్సు వచ్చే దారి మాత్రం మారలేదు. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఆ తర్వాతే ఇమ్లీబన్. సామాన్లతో వచ్చినవాడు చివరిదాకా పోయి మళ్ళీ సిటీ బస్సులో వెనక్కి ఎందుకొస్తాడు? దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిపోతాడు. దిగినచోట టీ తాగుతాడు. టీ కొట్టు పక్కన "టు లెట్" బోర్డు చూస్తాడు. అంతే, మూడు తరాల చిరునామా ఖాయమైపోతుంది!

దిగడానికి బస్సుంటే సరిపోదు, అడ్వాన్సు కట్టడానికి డబ్బు కూడా కావాలి. అది కాలవతో వచ్చింది. నాగార్జునసాగర్‌కి నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పండింది. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరైపోయింది. వడ్లు అమ్మిన డబ్బు ముందు పిల్లల చదువుకి, తర్వాత హైదరాబాదులో జాగాకి వెళ్ళింది. అన్నట్టు, ఈ ఎడమ కాలవ అసలు పేరు లాల్ బహదూర్ కాలవ. ఎల్బీ నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. లాల్ బహదూర్ కాలవ కింద పండిన డబ్బు లాల్ బహదూర్ నగర్‌లో ఇల్లయింది. ఎవరూ కావాలని చేసింది కాదు గానీ, ఇంత చక్కగా కుదిరింది మరొకటి కనపడదు నాకు.

కాలవ అందని మెట్ట వైపు నుంచి బత్తాయి వచ్చింది. నల్లగొండ బత్తాయి లారీలు దిగేది గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో, అంటే కొత్తపేటలోనే. లారీతో వచ్చిన రైతు ఆ రాత్రి అక్కడే ఉండే మేనల్లుడి రూములో పడుకునేవాడు. ఆ మార్కెట్ 2022 నాటికి అక్కణ్ణుంచి బాటసింగారం వెళ్ళిపోయింది. అది ఎక్కడుందనుకుంటున్నారు? ఇదే విజయవాడ రోడ్డు మీద, హయత్‌నగర్ దాటాక.

ఇంతవరకు పెద్దవాళ్ళ లెక్కలో తప్పేం లేదు. అప్పటి ఉద్యోగాలు ఎక్కడున్నాయో చూడండి. సచివాలయం, హైకోర్టు, కోఠి బ్యాంకులు, ఉస్మానియా యూనివర్సిటీ... అన్నీ దిల్‌సుఖ్‌నగర్‌కి ఒక్క సిటీ బస్సు దూరంలోనే. పెద్ద కేంద్ర సంస్థలు ఎన్‌జీఆర్‌ఐ, ఈసీఐఎల్, అణు ఇంధన సంస్థ కూడా ఉప్పల్, మౌలాలి వైపే, అంటే నగరానికి తూర్పునే. చవక అద్దె, దగ్గర ఉద్యోగం, ఊరి బస్సు - మూడూ ఒకేచోట దొరికాయి. 1985లో ఎల్బీ నగర్ ఎంచుకున్నవాడు తెలివైనవాడే.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ రోజుతో మా నాన్నల లెక్క తలకిందులైంది. అద్దె మారలేదు, ఊరి బస్సు మారలేదు, ఉద్యోగం మాత్రం చాలా దూరం పడమటికి జరిగిపోయింది. కానీ సలహా ఇచ్చేవాళ్ళు పాతవాళ్ళే కదా! సలహా ఎప్పుడూ ఒక తరం వెనకే ఉంటుంది.

కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో దిగారు. ఆఫీసులు వాళ్ళ వైపుకే వచ్చి పడ్డాయి. వాళ్ళు ముందుచూపుతో దిగారని కొందరంటారు. నేనైతే ఒప్పుకోను. వాళ్ళూ మనలాగే తమవాళ్ళున్నచోట దిగారు, అదృష్టం కలిసొచ్చింది, అంతే.

మనవాళ్ళేం చేశారు? తిరిగారు. 2003లో ఎంఎంటీఎస్ మొదలయ్యాక మలక్‌పేట స్టేషన్‌లో ఎక్కి కాచిగూడ, సికింద్రాబాద్, బేగంపేట... నగరాన్ని సగం ప్రదక్షిణ చేసి హైటెక్ సిటీలో దిగేవాళ్ళం. అది తప్పితే రెండు బస్సులు మారాలి. ఆఫీసులో తొమ్మిది గంటలు, రోడ్డు మీద మూడు గంటలు. ఆదివారం నిద్ర.

వృత్తి దోషం కొద్దీ ఓ లెక్క వేస్తాను. ఆఫీసు దగ్గర ఇంటికీ ఎల్బీ నగర్ ఇంటికీ అద్దెలో తేడా నెలకి 6000 అనుకుందాం. రోజుకి అదనంగా 2 గంటల ప్రయాణం, నెలకి 22 రోజులు, మొత్తం 44 గంటలు. 6000ని 44తో భాగిస్తే గంటకి 136 రూపాయలు. అంటే మీరు మీ గంటని 136కి అమ్ముకుంటున్నారు. అందులోంచి బస్సు, ఆటో ఖర్చులు తీసేస్తే ఇంకా తక్కువే. మీ అంకెలు వేరే ఉంటాయి, భాగహారం మాత్రం చేయండి. నేను 2004లో ఇది చేయలేదు.

మరి నాన్న చెప్పింది తప్పేనా? చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆయన లెక్కలో ఉన్న ఇంకో అంకె నాకు కనపడలేదు. కోదాడ నుంచి అమ్మ బియ్యం మూటతో, పచ్చడి సీసాలతో ఒక్కతే బస్సెక్కి వచ్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే పది నిమిషాల్లో ఇంట్లో ఉండేది. నేను కొండాపూర్ మారిపోయాక రావడం తగ్గింది. ఎల్బీ నగర్ దాకా మూడు నాలుగు గంటలు, అక్కణ్ణుంచి మూటతో ఇంకో గంటన్నర. అరవై దాటిన మనిషికి ఆ గంటన్నరే ఎక్కువ. నేను మిగుల్చుకున్న గంటల్లో కొన్ని అమ్మ ఖాతాలోంచి తీసుకున్నవే. నాన్న "చవక" అన్నది అద్దె గురించి మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొంచెం చేదుగా ఉంటుంది. ఎల్బీ నగర్ వైపు ఇల్లు తేలిగ్గా దొరకడానికి ఒక కారణం ఓనరు కూడా మన జిల్లావాడే కావడం. "ఏ ఊరు?" అంటాడు. సూర్యాపేట అంటే మొహం వెలుగుతుంది. కానీ ప్రశ్న అక్కడితో ఆగదు. ఇంటి పేరు అడుగుతారు, తర్వాత "మీరేమిట్లు?" అంటారు. నాకు అడ్వాన్సు తగ్గించిన ఆ ప్రశ్నే, నాతో కలిసి ఇల్లు చూడ్డానికొచ్చిన స్నేహితుడికి మూడు ఇళ్ళు దొరక్కుండా చేసింది. నాలుగో ఇంటికి వాడు అద్దె ఎక్కువిచ్చి చేరాడు. "మనవాళ్ళ ఏరియా చవక" అని చెప్పేముందు, ఎవరికి చవక అని కూడా అడగాలి.

సరే, మళ్ళీ తమ్ముడి దగ్గరికి వద్దాం. పాత మ్యాపు ఈ మధ్య చాలా మారింది. 2008 నవంబరులో ఔటర్ రింగ్ రోడ్డు గచ్చిబౌలి-శంషాబాద్ ముక్క మొదలై, తర్వాత పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ రోడ్డుని కలిసింది. 2012లో విజయవాడ రోడ్డు నాలుగు వరసలైంది, పంతంగి, కొర్లపహాడ్ దగ్గర టోల్ గేట్లొచ్చాయి. సూర్యాపేట నుంచి కారులో బయల్దేరినవాడు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ మొహం చూడకుండానే గచ్చిబౌలి పోవచ్చు. కారు లేనివాడికి మెట్రో ఉంది. 2018 సెప్టెంబరు 24న ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా, 2019 మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా వచ్చింది. అమీర్‌పేటలో ఒక్కసారి మారాలి. నా మూడు గంటలు రెండుకి దిగాయన్నమాట, కాకపోతే పదిహేనేళ్ళు ఆలస్యంగా.

అయితే వర్షం సంగతి మర్చిపోవద్దు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు, కోదండరాం నగర్ లాంటివి, నీళ్ళలో ఉండిపోయాయి. అద్దె మరీ తక్కువ చెప్పారంటే గోడ మీద నీటి మరక కోసం చూడండి. ఏప్రిల్‌లో ఇల్లు చూసి మురిసిపోయినవాడు అక్టోబరులో ఏడుస్తాడు.

మావాడికి చివరికి చెప్పింది ఇది:

"మొదటి రెండు నెలలు ఆఫీసు పక్కన హాస్టల్లో ఉండు. ఇల్లు తీసుకోకు. ఉద్యోగం కుదురుకున్నాక చూడు. నువ్వొక్కడివే ఉండేటట్టైతే అద్దె ఎక్కువైనా అక్కడే ఉండు, గంటలు మిగుల్తాయి. అమ్మానాన్న నెలనెలా వచ్చేటట్టైతే ఎల్బీ నగర్, కొత్తపేట చూడు, కానీ మెట్రో స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో. స్టేషన్‌కి ఆటో ఎక్కాల్సి వస్తే ఆ ఇల్లు చవక కాదు. ఇంకో సంగతి, మీది మిర్యాలగూడ. సూర్యాపేటకీ మా కోదాడకీ లేనిది మీకుంది, రైలు. నారాయణాద్రిని లింగంపల్లి దాకా పొడిగించారు. టైం కుదిరితే బాబాయి గచ్చిబౌలి పక్కనే దిగుతాడు. ఎల్బీ నగర్ ముచ్చటే లేదు."

కాసేపు ఏం మాట్లాడలేదు వాడు. తర్వాత "నాన్న ఎన్నడూ రైలు సంగతి అనలేదన్నా" అన్నాడు.

ఎందుకంటాడు? మా తాత కోదాడ నుంచి బస్సులో వచ్చాడు, కాబట్టి మా నాన్నా, బాబాయీ బస్సులోనే ఆలోచిస్తారు. బాబాయి మిర్యాలగూడలో స్థిరపడి ముప్ఫై ఏళ్ళు దాటినా సరే! మనం ఇల్లు వెతుక్కుంటున్నాం అనుకుంటాం గానీ, చాలాసార్లు మనకంటే ముందొచ్చినవాడు దిగిన స్టాపులోనే దిగుతున్నాం. ఆయన అక్కడ దిగడానికి మంచి కారణమే ఉండి ఉంటుంది. అది మనకి ఇంకా వర్తిస్తుందా అన్నది ఒక్కసారి చూసుకుని అడ్వాన్సు ఇవ్వడం మంచిది.

మీరు ఏ స్టాపులో దిగారు? ఎవరు చెబితే దిగారు?