బందరు, గుడివాడ, దివిసీమ: తుపాను షెల్టర్‌లో మ్యూజియం పెడితే?

ఉప్పెన అనగానే మీకేం గుర్తొస్తుంది? సినిమా, పాటలు. మా అమ్మమ్మకి మాత్రం ఉప్పెన అంటే క్యాలెండర్. వాళ్లది అవనిగడ్డ వైపు. ఎవరి వయసు అడిగినా సంవత్సరం చెప్పదు. "ఉప్పెనకి వాడు చంకలో పిల్లాడు", "ఉప్పెన అయిన రెండేళ్లకి దాని పెళ్లి", ఇలా చెప్తుంది. ఆ లెక్క ఏంటో నాకు బీటెక్ అయ్యేదాకా తెలీదు. సిగ్గుపడాల్సిన విషయమే.

కృష్ణా డెల్టా చివర్లో టూరిజం పెంచాలి, చరిత్రా ప్రకృతీ రెండూ నేర్పే ఒక కేంద్రం పెట్టాలి అన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. మంచి మాటే. కానీ అందులో ఏం చూపిస్తారు? ఎక్కడ పెడతారు? ఈ ఎపిసోడ్ దాని గురించి.

గుడివాడ నుంచి మొదలెడదాం. ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, ఏఎన్నార్‌ది రామాపురం, రెండూ ఈ చుట్టుపక్కలవే. అది అందరికీ తెలుసు. ఊళ్లో ఒక బౌద్ధ స్తూపం దిబ్బ ఉందని ఎంతమందికి తెలుసు? దాన్ని లంజదిబ్బ అంటారు. పేరు వినగానే నవ్వొస్తుంది, అందుకే బళ్లో ఎవరూ చెప్పరు. శాతవాహనుల కాలం నాటి సీసపు నాణేలు దొరికిన చోటు అది. దాని ఇటుకలు బ్రిటిష్ కాలంలో రోడ్ల పనికి వెళ్లిపోయాయి. అంటే మనవాళ్లు బండి తోలిన రోడ్డు కిందే రెండు వేల ఏళ్ల చరిత్ర ఉందన్నమాట.

అక్కడి నుంచి రైలెక్కితే బందరుకి ముందు పెడన వస్తుంది. కలంకారీ ఊరు. టేకు అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు. గుడ్డని ముందు కరక్కాయ పాలల్లో ముంచుతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నానబెడతారు. ఎరుపు రావాలంటే పటిక అద్ది, తర్వాత వేరు రంగులో ఉడకబెట్టాలి. పాత రోజుల్లో ఆ ఎరుపు చిరివేరు అనే చిన్న మొక్క నుంచి వచ్చేది. ఈ తీరం ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరుకి మంచి పేరు. అద్దకం అయ్యాక గుడ్డని పారే నీళ్లలో జాడించాలి. చూశారా, ఇసుక నేల, మొక్క, కాలవ, మూడూ కలిస్తేనే ఆ గుడ్డ. మ్యూజియంలో అద్దం వెనక చీర ఒక్కటే వేలాడదీస్తే ఇందులో సగం కూడా అర్థం కాదు.

ఆ గుడ్డ కోసమే ఓడలొచ్చాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు వాళ్ల ముఖ్యమైన రేవు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది, 1759లో కల్నల్ ఫోర్డ్ మళ్లీ పట్టుకున్నాడు. ఇప్పుడు బందరు కోటలో మిగిలింది కాస్త గోడ, కొన్ని కట్టడాలు. డచ్చి సమాధుల రాళ్ల మీద చెక్కడం మాత్రం ఇంకా చూడాల్సిందే.

యుద్ధాలు ఎన్ని జరిగినా బందరుని అసలు దెబ్బ తీసింది నీళ్లే. తీరంలో లోతు తక్కువ, ఒండ్రు ఎక్కువ. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరేస్తే సరుకు పడవల్లో మోసేవాళ్లు. 1864 నవంబర్ 1 రాత్రి తుపానుకి సముద్రం ఊరి మీదకొచ్చింది. బందరు, చుట్టుపక్కల కలిపి 30 వేల మంది పోయారని అప్పటి లెక్క. ఆ తర్వాత బందరు రేవు మళ్లీ పాత వైభవం చూళ్లేదు.

ఇక్కడ కాస్త వెనక్కి, చల్లపల్లి పక్కన ఘంటసాలకి వెళ్దాం. గాయకుడు ఘంటసాల ఇంటిపేరు ఈ ఊరిదే. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు ఈ తీరంలో కంటకోసిల అనే వ్యాపార కేంద్రం ఉందని రాశాడు. ఘంటసాల శాసనాల్లో కంటకసోల అనే పేరుంది. రెండూ ఒకటే. ఇవాళ ఆ ఊరికీ సముద్రానికీ మధ్య ఇరవై కిలోమీటర్ల పైనే పొలాలు. నది ఒండ్రు తెచ్చి పోసింది, పాయలు పక్కకి జరిగాయి, రేవు పొలం అయ్యింది. అక్కడ పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, స్తూపం ఉంది. కొన్ని శిల్పాలైతే పారిస్‌లో గిమే మ్యూజియంలో ఉన్నాయి. మన పిల్లలు స్కూల్ బస్సులో అరగంటలో ఘంటసాల వెళ్లొచ్చు. వెళ్తున్నారా అంటే, నేను వెళ్లలేదు. నేను పుట్టింది ఈ జిల్లాలోనే!

అంటే ఘంటసాల, బందరు, దివిసీమ మూడూ వేర్వేరు చరిత్రలు కావు. నదీ సముద్రమూ కలిసి ఊళ్లని పెంచడం, మళ్లీ తీసుకుపోవడం, ఇదంతా ఒకటే కథ. ఈ కథలో ప్రకృతికి ఒక బిల్డింగూ చరిత్రకి ఇంకో బిల్డింగూ కడితే ఎలా కుదురుతుంది?

1864 నుంచి 1977కి 113 ఏళ్లు. అంటే కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ మిగలరు. 1977 నవంబర్ 19, శనివారం. అయిదారు మీటర్ల ఎత్తున కెరటం దివిసీమ మీద పడింది. నాగాయలంక వైపు సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు సుమారు 10 వేలని లెక్క, అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్ల మాట. తాటిచెట్లు పట్టుకుని రాత్రంతా వేలాడి బతికినవాళ్లున్నారు.

తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, ముందుగానే హెచ్చరించి జనాన్ని తరలించడం నేర్చుకున్నారు. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను ఇదే తీరాన్ని కొట్టింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. అదీ చిన్న సంఖ్య కాదు. కానీ తేడా చూడండి.

నా ఆలోచన ఇది. కొత్త బిల్డింగ్ వద్దు. దివిసీమలో ఒక తుపాను షెల్టర్‌ని తీసుకోండి. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఖాళీయే కదా. గోడ మీద 1977లో నీళ్లు ఎంత ఎత్తొచ్చాయో గీత గీయండి. పిల్లాడు ఆ గీత పక్కన నిలబడి తల పైకెత్తి చూస్తే చాలు. తుపానొచ్చినప్పుడు అది మళ్లీ షెల్టరే. ఇదేం కొత్త విషయం కాదు. ఇండోనేషియాలో బందా ఆచే ఊళ్లో 2004 సునామీ తర్వాత కట్టిన మ్యూజియం అవసరమైతే జనం ఎక్కి ప్రాణం దక్కించుకునేలా ఉంటుంది. ఊరి మధ్యకి కొట్టుకొచ్చిన పెద్ద ఓడని కూడా అక్కడే ఉంచేశారు.

షెల్టర్ నుంచి బయటికొస్తే పడవ. కృష్ణా అభయారణ్యం మడ అడవులు అక్కడే. బురదలోంచి పెన్సిళ్లలా పైకొచ్చిన శ్వాస వేర్లు, ఎప్పుడో అదృష్టం బాగుంటే కనిపించే బావురుపిల్లి, హంసలదీవి దగ్గర ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు. కెరటం జోరుని ఈ మడ ఎలా తగ్గిస్తుందో అక్కడ నిలబడి చెప్తే ఎవడికైనా ఎక్కుతుంది. చెప్పాల్సింది వేట తెలిసిన ఊరివాళ్లు. కాకినాడ పక్కన కోరింగలో చెక్క వంతెన, పడవలు నడపడంలో చుట్టుపక్కల మత్స్యకారుల భాగం ఉంది. ఇక్కడెందుకు కుదరదు? ఒక్క జాగ్రత్త. జనం పెరిగితే ప్లాస్టిక్కూ డీజేలూ వస్తాయి. మంగినపూడి బీచ్‌కి కార్తీక మాసంలో వెళ్లినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. పడవలకి రోజుకి ఇన్నేనని లెక్క పెట్టకపోతే తాబేలూ రాదు, పిల్లీ రాదు.

నాకున్న తొందర ఒకటే. 1977లో పదేళ్ల పిల్లాడు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉంటాడు. అప్పటికే ఇల్లు నడిపినవాళ్లు ఎనభై దాటేశారు. పోయిన నెల అమ్మమ్మ ముందు ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కా. నలభై నిమిషాలు చెప్పింది. గేదె పేరు కూడా చెప్పింది. మధ్యలో ఒక చోట ఆపెయ్యమంది, ఆపేశా. కాఫీ తాగాక తనే మళ్లీ మొదలెట్టింది. ఆ ఆడియో ఎక్కడ ఇవ్వాలో తెలీక ప్రస్తుతానికి నా లాప్‌టాప్‌లో ఉంది, "అమ్మమ్మ" అనే ఫోల్డర్‌లో.

వచ్చే వారం లంజదిబ్బకి ఆ పేరెలా వచ్చిందో మాట్లాడుకుందాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఉంటాను.