రొమ్ముపై రంగుచారలు: పతకపట్టీల పుట్టుపూర్వోత్తరములు

నల్లగొండ, పాలమూరు మండలములలోని పాత యిండ్ల వసారాలలో, ముందునకు వంగి వ్రేలాడు పటముల వరుసయందు, దేవుళ్ళ ప్రక్కనే ఖాకీ దుస్తులు ధరించి నిటారుగా నిలిచిన మీసాల మనిషి తస్వీరు అప్పుడప్పుడు కానవచ్చును. ఆయన యెడమ జేబుపై వ్రేలెడు పొడవున చారలు చారలుగా కన్పట్టు పట్టీ యేమని యింటివారి నడిగినచో, "మా తాత మిల్ట్రీల ఉండె, బిళ్లలిచ్చిన్రు" అను సమాధానమునకు మించి సాధారణముగా లభింపదు. బిళ్లకు బదులుగా ధరింపబడు ఆ గుడ్డపట్టీయే ఆ మనిషి సైనిక జీవితమునకు సంక్షిప్త చరిత్ర.

ఈ పట్టీలను శాస్త్రముగా చదువు విద్య జర్మనుల పతకములను సేకరించువారి చేతిలో మిక్కిలి పదునెక్కినది. నెపోలియనుతో పోరు సాగుచున్న దినములలో, 1813 మార్చి 10వ తేదీని ప్రష్యా ప్రభువైన మూడవ ఫ్రెడరిక్ విల్హెల్ము, వాస్తుశిల్పి షింకెల్ రూపకల్పనలో ఇనుప శిలువ యను పతకమును నెలకొల్పెను. అంతవరకు బంగారమును మీనాకారి పనియు ముఖ్యముగా ప్రభువర్గముల వారి వక్షములను అలంకరించుచుండగా, వెండి అంచు కట్టిన పోత యినుమును సేనాపతికిని సామాన్య భటునకును భేదము లేక యిచ్చుట ఆ కాలమునకు సాహసమే యని చెప్పవలెను. 1870లోను 1914లోను పునరుద్ధరింపబడిన ఈ పతకపు రెండవ తరగతి, మొదటి ప్రపంచయుద్ధమున సుమారు 50 లక్షలమందికి దక్కినది. గౌరవము చౌక యైనదని గొణిగినవారు అప్పుడును లేకపోలేదు.

నిత్యము ధరించు దుస్తులపై పతకములు గలగలలాడుచు వ్రేలాడుట అసౌకర్యము గనుక, వాని రిబ్బనులను మాత్రము చిన్న ముక్కలుగా మడిచి, పలుచని రేకుపై వరుసగా చుట్టి, వెనుక పిన్ను అమర్చు పద్ధతి యేర్పడినది. ఈ వరుసలోనే రహస్యమంతయు కలదు. రొమ్ము నడుమకు చేరువగా నుండు కొసను పెద్ద పతకపు రిబ్బనుండును. తక్కినవి తరువాత వచ్చును. ప్రష్యా, బవేరియా, సాక్సనీ మున్నగు రాజ్యములు వేర్వేరు పతకము లిచ్చుటచే, ఆ రంగులను బట్టి ధరించినవాడు ఏ రాజ్యపు సేనలోనివాడో ఊహింపవచ్చును. 1934 జులైలో హిండెన్‌బర్గు నెలకొల్పిన యుద్ధ గౌరవ శిలువ రిబ్బను కన్పట్టెనా, ఆ పట్టీ అంతకు పూర్వపుది కాదు. పేరు లేని పట్టీకి ముఖమును సంపాదించి పెట్టునది ఛాయాచిత్రము. యుద్ధరంగమునకు బోవునపుడు స్టూడియోలో తీయించుకొని యింటికి పంపిన తపాలా కార్డు చిత్రముల కందుకే అంత గిరాకి. హిట్లరు కాలపు పతకములను స్వస్తిక చిహ్నము తొలగించి మాత్రమే ధరింపవచ్చునని పశ్చిమ జర్మనీ 1957లో చట్టము చేసినది.

మన సీమ వారి సంగతి కొంత వేరు. వనపర్తి సంస్థానాధీశుడు రామేశ్వరరావు 19వ శతాబ్దిలో పెంచిన హబ్షీ ఆశ్వికదళము నిజాము సేనలో కలిసినది, హైదరాబాదులోని ఏ.సి. (ఆఫ్రికన్ క్యావల్రీ) గార్డ్సు పేట పేరున నేటికిని ఆ జ్ఞాపకము నిలిచియున్నది. 1890లో పాలమూరునకు తన పేరు నొసగిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానముననే రాజా దీనదయాళు కెమెరా వెలసి, దర్బారీల ఠీవిని గాజుపలకల కెక్కించెను. మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు లాన్సర్లు సూయజు కాలువకును, అటనుండి పాలస్తీనాకును వెడలిరి. 1918 సెప్టెంబరు 23న హైఫాలో తురుష్కుల పక్షమున జర్మను మరతుపాకులు పనిచేయుచుండగా గుఱ్ఱములను దుమికించినవారు ముఖ్యముగా జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లు. మనవారి గొప్ప చెప్పుకొను ఆత్రుతలో ఆ కీర్తి నంతయు హైదరాబాదునకు కట్టబెట్టుట న్యాయము కాదు. అయినను ఈ లాన్సర్ల స్మారకమైన ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములలో నొకటి హైదరాబాదువారిది.

రెండవ యుద్ధపు తస్వీరులను చదువువారు ఒక చిక్కును గుర్తింపవలెను. ఎఱుపు వెలుగును పట్టజాలని పాత ఫిల్ములపై ఎఱుపు నల్లగాను, నీలము వెలవెలబోయియు పడును. 1939-45 స్టారు రిబ్బనులోని ముదురు నీలము, ఎఱుపు, లేత నీలము మూడును సేనలోని మూడు శాఖలకు గుర్తులు. అట్టి ఫిల్ముపై నడిమి చారయే మిక్కిలి నల్లనై కన్పట్టును. ఇండియా సర్వీసు మెడలు 1946లో గాని పుట్టలేదు గనుక, దాని రిబ్బను గల చిత్రము యుద్ధము ముగిసిన పిదపదియే. స్వతంత్ర భారతమున పరమవీర, మహావీర, వీర చక్రములు 1950 జనవరి 26న వెలువడినవి. రూపకల్పన చేసిన సావిత్రీ ఖానోల్కరు స్విట్జర్లాండున జన్మించిన యిల్లాలు. సగము తెలుపును సగము కాషాయమునైన మహావీరచక్రపు రిబ్బను, 2020 జూన్‌లో గల్వాను లోయలో నేలకొరిగిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబునకు మరణానంతరము లభించినది.

అదే నల్లగొండ నేలపై 1946 మొదలు 1951 వరకు తెలంగాణ సాయుధ పోరాటమున తుపాకి పట్టిన దళములవారికి రిబ్బనులు లేవు. అజ్ఞాతవాసికి తస్వీరు పోలీసుల కుపకరించు వస్తువే కాని అలంకారము కాదు గదా!

సేకరణను వ్యసనమని నిందించుట నాకు సమ్మతము కాదు. అయితే ఎక్కువ ధర కాశించి పట్టీని ఒకరికిని, తస్వీరును మఱియొకరికిని అమ్ము వర్తకుడు చరిత్రను చంపుచున్నాడనుటకు సందేహింపను. మొదటి యుద్ధపు వెండి పతకములు తూకమునకు కరగిపోయినవి పోగా, మిగిలినవాని అంచుపై నంబరు, పేరు, దళము చెక్కబడి యుండును. రెండవ యుద్ధమున భారతీయుల కిచ్చినవానిపై సాధారణముగా పేరు చెక్కబడలేదు. పట్టీకిని ఆ భాగ్యము లేదు. కావున ఇంట అట్టి పటమున్నవారు ముసలివారు జీవించియుండగనే, పటము విప్పి, చిత్రము వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, దళము, సంవత్సరము వ్రాసియుంచుడు. బిళ్లలను, పట్టీని దానితోనే భద్రపరచుడు.