వణుకునకు ముందు

కంపవాతము చేతివ్రేళ్ల వణుకుతో ఆరంభమగునని ప్రజలలో నేటికిని నిలిచియున్న నమ్మకమునకు వైద్యచరిత్రలే చాలవరకు కారణమని నా యభిప్రాయము. 1817లో లండనునందు వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను, వారిలో కొందరిని వీథిలో చూచియే, వర్ణించుటయు, వైద్యుడు షార్కో పారిస్ నగరమున ఆ వ్యాధికి పార్కిన్సన్ పేరునే స్థిరపరచుటయు, 1919లో త్రెత్యాకోఫ్ మెదడు కాండమునందలి నల్లని కణసముదాయము క్షీణించుటను చూపుటయు పలుమారులు చెప్పబడిన కథయే. ఆ కథలో ఎవ్వరును నిలిచి చూడని అంశమొకటి గలదు. పార్కిన్సన్ మలబద్ధమును, నిద్రాభంగమును గమనింపకపోలేదు. కాని వానిని వ్యాధి ముదిరిన దశకు చేర్చెను. తరువాతివారు ఆ క్రమమునే ప్రమాణముగా గైకొనిరి.

ఆ క్రమమును తలక్రిందులు చేసిన ప్రబల సాక్ష్యములలో నొకటి కంపవాతముకొరకు ఆరంభింపని పరిశోధనమునుండి వచ్చినది. 1965లో హవాయి దీవులలోని హొనొలులూ నగరమున హృద్రోగ కారణములను తెలిసికొనుటకై జపాను సంతతికి చెందిన పురుషులను వేలసంఖ్యలో పరీక్షింప మొదలిడిరి. 1971–74 నడుమ వారి నడిగిన ప్రశ్నలలో, దినమునకు ఎన్నిమారులు విరేచనమగుననునది యొకటి. నాటికి కంపవాతము లేని 6,790 మందిని ఇరువదినాలుగేండ్లవరకు కనిపెట్టి చూడగా, 96 మందికి ఆ వ్యాధి సోకెను; దినమున కొకమారైనను విరేచనము కానివారికి, ఒకమారు అగువారికంటె 2.7 రెట్లు అధికముగా వచ్చినట్లు 2001లో ప్రకటించిరి. వ్యాధి నిర్ణయమునకు సగటున పండ్రెండేండ్లకు ముందే వారు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పియుండిరి! పిమ్మట అచ్చటనే వాసనలు గుర్తించు శక్తిని పరీక్షింపగా, అది మిక్కిలి తగ్గినవారిలో తొలి నాలుగేండ్లలో వ్యాధి హెచ్చుగా కనబడెను గాని, ఆ మీదట ఆ సంబంధము నిలువలేదు. కావున ఈ లక్షణములన్నియు సమానదూరమునుండి వ్యాధిని సూచించునని తలచుట పొరపాటు.

నిద్ర విషయము మరింత స్పష్టము. కలలు వచ్చు నిద్రాదశలో స్వస్థుని కండరములు చాలవరకు కదలవు. ఆ కట్టు సడలినవాడు కలలో కలహించుచు కేకలు వేయును, ప్రక్కనున్న భార్యను తన్నును, మంచముపైనుండి పడును. అమెరికాలోని మినియాపొలిస్ వైద్యుడు షెంక్ ఇట్టి లక్షణముగల వయోధికులను 29 మందిని పరిశీలించి, వారిలో 38 శాతమునకు కంపవాత లక్షణములు పొడసూపెనని 1996లో వెల్లడించెను. కాలము గడచినకొలది ఆ పాలు ఇంకను పెరిగెను.

ఇట్లయిన, మలబద్ధము వ్యాధికి హేతువా, లేక వ్యాధియే ప్రేగులలో ముందుగా ప్రవేశించినదా? 2003లో జర్మను శాస్త్రజ్ఞుడు బ్రాక్, మృతుల మెదళ్లను పరీక్షించి, వికారము ఘ్రాణకేంద్రమునందును, ప్రేగులను మెదడుతో కలుపు వేగసు నాడి మూలమునందును మొదలై పైకి ప్రాకునని ప్రతిపాదించెను. రెండవ పక్షమే నాకు యుక్తముగా తోచును. అయినను, మరణసమయమున ఒక్కమారు చూచినదానినుండి ఏండ్ల తరబడి సాగిన గతిని ఊహించుటయందలి దౌర్బల్యమును, ఆ క్రమమునకు లొంగని మెదళ్లు పెక్కు కలవనుటను విస్మరింపరాదు.

ఇప్పటి ఆరోగ్యరచనలలో నాకు మిక్కిలి అసంతృప్తి కలిగించునది ఈ లక్షణములను కారణములతో కలిపి ఒకే పట్టికలో వ్రాయుట. పురుగుమందుల స్పర్శ కారణకోటిలోనిది, ఘ్రాణలోపము కాదు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు పుచ్చుకొన్న యువకులు కొలది దినములలోనే కొయ్యబారిపోగా, బాహ్యవిషము ఈ వికారమును కలిగింపగలదని రుజువయ్యెను. ఆ విషమునుండి దేహములో పుట్టు పదార్థమునకును, మన రైతులెరిగిన పారాక్వాట్ కలుపుమందునకును నిర్మాణసామ్యము గలదు. ఫ్రాన్సు 2012లోనే పురుగుమందులు వాడిన సేద్యగాండ్ర కంపవాతమును వృత్తిజన్యవ్యాధిగా అంగీకరించినది. మలబద్ధముగల వృద్ధులలో అత్యధికులకు ఈ వ్యాధి ఎన్నడును రాదు. వ్యాధిగతిని ఆపునని రుజువైన ఔషధమును లేదు. కావున అందరిని భయపెట్టుట అన్యాయము. అయినను నిద్రలో కేకలు వేయు వృద్ధుని వయోధర్మమని పంపివైచుటయు, పొలమున ఏ మందులు చల్లితివని ఆతనిని అడుగకుండుటయు క్షమింపదగిన వైద్యము కాదు. ఇంకొక మాట: హొనొలులూలో గాని, షెంక్ పరిశీలించిన ఆ 29 మందిలో గాని స్త్రీలు లేరు. ఆ సంఖ్యలను వారికి యథాతథముగా అన్వయించుటకు నేను సమ్మతింపను.